12 మిల్లీమీటర్ల కొండ: గ్లాస్ ఫైబర్ కాంక్రీటుతో కృత్రిమ శిలలు

(ల్యాండ్‌స్కేపింగ్ పనిలో ఉన్నవారికి, నేర్చుకుంటున్నవారికి ఇచ్చిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకు వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ముందుగా ఒక ముక్క పంపిస్తున్నాను, ఒకరి చేతి నుంచి ఒకరు అందుకోండి. పెద్ద కృత్రిమ రాతిలోంచి కోసిన ముక్క ఇది. ముందు వైపు చూడండి. గ్రానైట్ రాయి. ఆ గరుకుదనం, చిన్న చిన్న గుంటలు, ఒక మూల నల్లటి చార, అన్నీ ఉన్నాయి. ఇప్పుడు వెనక్కి తిప్పండి. సిమెంటు రంగులో, రోలర్ తిరిగిన గీతలతో ఉంటుంది. కోసిన అంచు మీద వేలు పెట్టి చూడండి. ఎంత మందం ఉంది? 12 మిల్లీమీటర్లు. అంతే. అందులో కంకర లేదు, ఇనుప చువ్వ లేదు. అంచులో సన్నటి తెల్లటి పోగులు కనిపిస్తాయి. అవే గాజు పోగులు. గుచ్చుకుంటాయి, గట్టిగా రుద్దకండి.

ఈ రోజు నేను చెప్పేదంతా ఆ 12 మిల్లీమీటర్ల గురించే. జీఎఫ్ఆర్సీతో, అంటే గాజు పోగులు కలిపిన ఈ కాంక్రీటుతో మనం బండను చెయ్యం, బండ పైతోలును చేస్తాం. లోపల బోలు. ఇది తోలు అన్న సంగతి గుర్తుంటే మిశ్రమం ఎలా కలపాలో, వెనక ఫ్రేమ్‌కు ఎలా కట్టాలో, అతుకు ఎక్కడ రావాలో, రంగు ఎలా వెయ్యాలో ఒక్కొక్కటీ దానంతట అదే తెలుస్తుంది. దీన్ని బండ అనుకుని పని మొదలుపెడితే మాత్రం ప్రతి మెట్టులోనూ తప్పు నిర్ణయమే తీసుకుంటాం.

ఒక లెక్క చెప్తాను. ఘనపు మీటరు గ్రానైట్ బరువు 2,600 నుంచి 2,700 కిలోలు. అదే మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు ఎత్తు ఉన్న రాయిని జీఎఫ్ఆర్సీతో చేస్తే ఎంత? అడుగు ముఖం అక్కర్లేదు. మిగతా ఐదు ముఖాలు, ఐదు చదరపు మీటర్లు. 12 మిల్లీమీటర్ల పలక చదరపు మీటరుకు సుమారు 25 కిలోలు తూగుతుంది. మొత్తం 125 కిలోలు. రాతి ముఖం ఎగుడుదిగుడు కాబట్టి వైశాల్యం పెరుగుతుంది. లోపల ఫ్రేమ్ ఉంటుంది, అతుకుల్లో మాలు ఉంటుంది. అన్నీ కలిపి రెట్టింపు వేసుకోండి, 250 కిలోలు. అసలు రాయి బరువులో పదో వంతు. అందుకే డాబా మీద తోటలో, సెల్లార్ పార్కింగ్ పైనున్న స్లాబు మీద, క్రేన్ చెయ్యి అందని చోట, భవనం లోపల, అసలు బండ గురించి ఆలోచించలేని చోట్లన్నింటా ఇది పనికొస్తుంది.

ఇంకో సంగతి ఉంది. నాకు బరువు లెక్క కంటే ఇదే ముఖ్యం. వానా ఎండా వేల ఏళ్ళు కూర్చుని చెక్కిన బండను కొండ మీంచి పెకలించి తెచ్చి పార్కులో పెడితే, ఆ కొండకు ఆ బండ మళ్ళీ రాదు. దాని మీద పట్టిన నాచు, దాని నీడలో పెరిగిన మొక్క, దాని కింద బతికే బల్లీ తేలూ, అన్నీ పోతాయి. దాని మీంచి మోల్డ్, అంటే రబ్బరు అచ్చు తీసుకుంటే బండ అక్కడే ఉంటుంది. మనకు దాని ముఖం దక్కుతుంది. సిమెంటు తయారీలో కాలుష్యం లేదా? ఉంది, కాదనను. అందుకే పలచగా చెయ్యడం, ఎక్కువ కాలం నిలిచేలా చెయ్యడం రెండూ మన బాధ్యతే అంటాను.

కృత్రిమ రాయి కొత్త ఊహేమీ కాదు. ఇంగ్లండులో 19వ శతాబ్దంలో పుల్హమ్ కుటుంబం ఇటుకలూ రాళ్ళ తుక్కూ పేర్చి, దాని మీద సిమెంటు పూసి, పూత పచ్చిగా ఉండగానే రాతి పొరలు చెక్కేవారు. దానికి పుల్హమైట్ అని పేరొచ్చింది. లండన్‌లోని బాటర్సీ పార్కులో 1860లలో వాళ్ళు చేసిన రాళ్ళు ప్రసిద్ధం. ఫ్రాన్సులో జోసెఫ్ మోనియే అనే తోటమాలి ఇనుప వల మీద సిమెంటు పూసిన మొక్కల తొట్లకు 1867లో పేటెంట్ తీసుకున్నాడు. చూశారా, ఇవాళ భవనాలన్నింటినీ నిలబెడుతున్న ఇనుప కాంక్రీటు చరిత్రలో ఒక వేరు తోటపనిలో ఉంది! 1907లో హాంబుర్గ్ దగ్గర కార్ల్ హాగెన్‌బెక్ కటకటాలు తీసేసి, కందకాలూ కృత్రిమ కొండలూ పెట్టి జంతు ప్రదర్శనశాల తెరిచాడు. 1934లో పారిస్ విన్సెన్ జూలో 65 మీటర్ల కాంక్రీటు కొండనే నిలబెట్టారు.

ఇవన్నీ గొప్ప పనులే. మరి వీటన్నింటికీ ఉన్న బాధ ఏమిటి? బరువు, ఇనుము. సిమెంటు పూత సన్నబడిన చోట నీరు దిగుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. విన్సెన్ కొండకు కూడా కొన్ని దశాబ్దాల తర్వాత పెద్ద మరమ్మతు తప్పలేదు. ఇనుము తుప్పు పట్టకుండా ఉండాలంటే దాని మీద కాంక్రీటు మందంగా ఉండాలి. మందం పెడితే బరువు. ఈ చిక్కు విడిపోవాలంటే తుప్పు పట్టని పోగు కావాలి. గాజు తుప్పు పట్టదు కదా, గాజు వెయ్యొచ్చు కదా అని ఎవరికైనా అనిపిస్తుంది.

వేశారు. కానీ మామూలు గాజుకు సిమెంటు పడదు. తడి సిమెంటులో క్షారం ఎక్కువ, పీహెచ్ 12 దాటి 13 దాకా ఉంటుంది. ఆ క్షారం మామూలు గాజు పోగును మెల్లమెల్లగా తినేస్తుంది. చేసిన రోజు బలంగానే ఉంటుంది, పరీక్షకు నిలుస్తుంది. తర్వాత లోపల పోగు కరిగిపోయి ఉత్త సిమెంటు పలక మిగులుతుంది. దీనికి దారి చూపినవాళ్ళలో ముఖ్యుడు బ్రిటన్‌లోని బిల్డింగ్ రీసెర్చ్ స్టేషన్‌లో పనిచేసిన ఎ. జె. మజుందార్. గాజులో జిర్కోనియా (జిర్కోనియం ఆక్సైడ్) కలిపితే క్షారాన్ని తట్టుకుంటుందని 1960ల చివర్లో ఆ ప్రయోగాలు తేల్చాయి. 1971లో పిల్కింగ్టన్ కంపెనీ ఆ పోగును సెమ్‌ఫిల్ పేరుతో బజారుకు తెచ్చింది. ఇవాళ దాన్ని ఏఆర్ గ్లాస్, అంటే క్షారాన్ని తట్టుకునే గాజు అంటున్నాం. అందులో జిర్కోనియా కనీసం 16 శాతం ఉండాలి.

ఇది రాసుకోండి. 16 శాతం. పడవలకూ నీళ్ళ ట్యాంకులకూ వాడే ఫైబర్‌గ్లాస్ చవగ్గా దొరుకుతుంది, కంటికి అచ్చం ఇలాగే ఉంటుంది. పక్కపక్కన పెడితే నేను కూడా చూపుతో చెప్పలేను. అందుకే కాగితం అడగండి. సరుకుతో పాటు జిర్కోనియా శాతం రాసిన సర్టిఫికెట్ రాకపోతే ఆ పోగు వాడకండి. ఎందుకంటే ఈ తప్పు పని అప్పగించే రోజున బయటపడదు. బిల్లు అయిపోయి, అందరూ వెళ్ళిపోయాక, ఆ రాయి మీద పిల్లవాడు కాలు పెట్టినప్పుడు బయటపడుతుంది.

సరే, మిశ్రమంలోకి వద్దాం. ఒక బస్తా లెక్కలో చెప్తాను, గుర్తుంటుంది. సిమెంటు 50 కిలోలు. ఇసుక 50 కిలోలు, సరిసమానం. ఇసుక సన్నగా, శుభ్రంగా, ఆరి ఉండాలి. మాలును చిమ్మే గన్‌లోంచి పోవాలి కాబట్టి గింజ మిల్లీమీటరు కంటే పెద్దగా ఉండకపోతే మంచిది. నీరు సిమెంటు బరువులో మూడో వంతు, అంటే 16 లీటర్ల పైచిలుకు. అక్రిలిక్ పాలిమర్, ఘనపదార్థం లెక్కలో సిమెంటుకు 5 శాతం, రెండున్నర కిలోలు. ఇక్కడ ఒక మెలిక ఉంది, జాగ్రత్తగా వినండి. ఆ పాలిమర్ పాలలా ద్రవంగా వస్తుంది, సాధారణంగా అందులో సగం నీరే. రెండున్నర కిలోల ఘనపదార్థం కావాలంటే ఐదు కిలోల ద్రవం పొయ్యాలి. దాంతో పాటు రెండున్నర లీటర్ల నీరు వచ్చేసింది. కాబట్టి విడిగా పోసే నీరు 14 లీటర్లే. ఈ తీసివేత మర్చిపోతే మిశ్రమం జారుతుంది, ఆరాక ఎక్కువ కుంచించుకుపోతుంది, పగుళ్ళు వస్తాయి. జారుడు కావాలంటే, నీరు పెంచకుండానే మిశ్రమాన్ని పలచబరిచే ప్లాస్టిసైజర్ ఉంది. మేస్త్రీ చేతిలో మగ్గు ఉండకూడదు. నీళ్ళు తూచి పొయ్యాలి.

పాలిమర్ ఎందుకు? 12 మిల్లీమీటర్ల పలకలో నీరు ఎంతసేపు నిలుస్తుంది? గాలి తగిలితే గంటల్లో ఎగిరిపోతుంది. స్లాబుకైతే ఏడు రోజులు నీళ్ళు కట్టి పెడతాం. నిట్టనిలువుగా, వంకరటింకరగా ఉన్న రాతి పలకకు నీళ్ళు ఎలా కడతాం? పాలిమర్ లోపల పొరగా ఏర్పడి ఆ నీటిని పట్టి ఉంచుతుంది. అయితే మరీ చలిగా ఉన్న రోజు ఆ పొర సరిగా ఏర్పడదు. పోతపోసిన మొదటి రాత్రి ప్లాస్టిక్ షీటు కప్పడం కూడా మానకండి.

ఇక పోగు. స్ప్రే పద్ధతిలో మొత్తం బరువుకు సుమారు 5 శాతం, అంటే మన బస్తా మిశ్రమానికి ఆరు కిలోలు. గన్ తనే పోగును ముక్కలుగా కోస్తూ, మాలుతో పాటు చిమ్ముతుంది. ప్రీమిక్స్ పద్ధతిలో, అంటే మిక్సర్‌లోనే కలిపేస్తే, 2 నుంచి 3 శాతం దగ్గర ఆగిపోవాలి, అంతకంటే మింగదు. పోగు ఆఖర్న వెయ్యాలి, మిక్సర్ నెమ్మదిగా తిప్పాలి, కలిసిందనగానే ఆపాలి. ఇంకాసేపు తిప్పితే పోగు కట్టలు విడిపోయి దూదిలా అవుతాయి, మిశ్రమం పనికి రాదు. స్ప్రేలో పోగు పలక వెంబడి పడుకుంటుంది, అందుకే వంపును బాగా తట్టుకుంటుంది. ప్రీమిక్స్‌లో నలుదిక్కులా ఉంటుంది, బలం తక్కువ. పెద్ద ముఖాలకు స్ప్రే, చిన్న రాళ్ళకు, అతుకు ముక్కలకు ప్రీమిక్స్. నా పద్ధతి ఇది.

మోల్డ్ గురించి చాలా చెప్పొచ్చు కానీ క్లుప్తంగా చెప్తాను. నిజమైన రాతిని ఎంచుకుని, మట్టి దులిపి, లేటెక్స్ రబ్బరు పలచగా పూసి, ఆరనిచ్చి, మళ్ళీ పూసి, మధ్యలో గుడ్డ పొర వేసి మందం తెస్తారు. దాని వెనక ఫైబర్‌గ్లాస్‌తో గట్టి డొప్ప చేస్తారు, రబ్బరు ఆకారం చెదరకుండా. లేటెక్స్ కొంత కుంచించుకుపోతుంది, సిమెంటు క్షారానికి త్వరగా అరుగుతుంది. పాలీయురెథేన్ రబ్బరు గట్టిది, ఎక్కువ పోతలు ఇస్తుంది. సిలికాన్ సూక్ష్మంగా పడుతుంది, ఖరీదెక్కువ. ఒకటే విన్నపం. నాచూ, రాతిని అంటుకుని మచ్చల్లా పెరిగే లైకెన్లూ దట్టంగా పట్టిన రాయిని మోల్డ్‌కు ఎంచుకోకండి. లైకెన్ పెరగడానికి దశాబ్దాలు పడుతుంది, మనం ఒక్క మధ్యాహ్నంలో ఊడబెరికేస్తాం. పక్కన ఒట్టి రాయి ఉంటుంది, చూడండి.

ఇప్పుడు పోత. ఇక్కడ కాస్త ఆగుతాను, ఎందుకంటే రాళ్ళు ఎక్కువగా చెడేది ఇక్కడే.

మొదట ఫేస్ కోట్. పోగు లేకుండా, రెండు మూడు మిల్లీమీటర్లు. రాతి గరుకంతా పట్టేది ఇదే. అది వేలితో తాకితే అంటకుండా, అయినా ఇంకా పచ్చిగా ఉన్న సమయంలో దాని మీద పోగు కలిసిన మాలు నాలుగైదు మిల్లీమీటర్లు చిమ్మాలి. రోలర్‌తో ఒత్తాలి. మళ్ళీ ఒక పొర, మళ్ళీ ఒత్తాలి. ఎందుకు ఒత్తాలి? చిమ్మినప్పుడు గాలి చిక్కుకుంటుంది, పోగు పైకి లేచి ఉంటుంది. ఒత్తితే గాలి పోతుంది, పోగు మాలులో మునుగుతుంది.

రాతికి ముందుకు పొడుచుకొచ్చిన వాడి అంచు ఉందనుకోండి. మోల్డ్‌లో అది ఏమవుతుంది? సన్నటి లోతైన గాడి అవుతుంది. ఫేస్ కోట్ గాడిలోకి దిగుతుంది. తర్వాత పోగు చిమ్ముతాం. మూడు నాలుగు సెంటీమీటర్ల పొడవున్న పోగు ఆ సన్నటి గాడిలోకి దిగుతుందా? దిగదు. గాడి మీద అడ్డంగా వంతెనలా పడుకుంటుంది. రోలర్ కూడా పైనే దొర్లిపోతుంది. చూడటానికి చదునుగా, చక్కగా ఉంటుంది. కింద మాత్రం బోలు. మోల్డ్ విప్పితే రాతి అంచు అద్భుతంగా వస్తుంది. కానీ అందరి చెయ్యీ తగిలే ఆ అంచులో ఉన్నది పోగు లేని రెండు మిల్లీమీటర్ల సిమెంటే! సుత్తి పిడితో తట్టండి, డొల్ల శబ్దం వస్తుంది. అందుకే గాడుల్లో ముందుగా పొట్టి పోగున్న ప్రీమిక్స్‌ను బ్రష్‌తో, గ్లౌజు వేసుకున్న వేలితో కూరి, ఆ తర్వాతే స్ప్రే చెయ్యాలి. మందం కూడా పలకంతా సమానంగా ఉండదు. గుట్టల మీంచి మాలు జారి గుంటల్లో చేరుతుంది. మందం కొలిచే సూది గేజ్‌తో పలకంతా పొడిచి చూడండి, ముఖ్యంగా మోల్డ్‌లోని గుట్టల మీద.

ఈ పలకను నిలబెట్టడం తర్వాతి పని. వెనక జింకు పూసిన చువ్వలనో స్టెయిన్‌లెస్ చువ్వలనో ఎల్ ఆకారంలో వంచి, పలక పచ్చిగా ఉండగానే అదే మిశ్రమంతో చేసిన ముద్దతో పాతుతాం. ఆ చువ్వలను లోపలి ఫ్రేమ్‌కు వెల్డ్ చేస్తాం. వెల్డ్ చేసిన చోట జింకు కాలిపోతుంది, అక్కడ మళ్ళీ జింకు పెయింట్ వెయ్యాలి. దీన్ని ఎవరూ గుర్తుపెట్టుకోరు. అందరూ గుర్తుపెట్టుకోండి.

చువ్వ సన్నగా, కాస్త ఊగేలా ఎందుకు ఉండాలో తెలుసా? జీఎఫ్ఆర్సీలో సిమెంటు ఎక్కువ, కంకర లేదు. కాబట్టి ఆరేటప్పుడు ఎక్కువ కుంచించుకుంటుంది, మీటరుకు ఒక మిల్లీమీటరు దాకా, ఒక్కోసారి దాటి కూడా. ఆ తర్వాత కూడా వానకు కొంత ఉబ్బి, ఎండకు కొంత కుంచించుకుంటూనే ఉంటుంది. మూడు మీటర్ల పలక మూడు మిల్లీమీటర్లు కదలాలనుకుంటుంది. మనం దాన్ని నలుమూలలా కదలకుండా బిగించేశామనుకోండి, ఏమవుతుంది? ఫ్రేమ్ లొంగదు, పలకే పగులుతుంది. గాలి ఒత్తిడి, మనుషుల బరువు ఫ్రేమ్ మోయాలి. పలక తన ఎండావానల కదలిక తను కదలాలి. మనిషి ఎక్కే రాళ్ళకు ఈ పలక సరిపోదు. అక్కడ మందం పెంచాలి, ఆనికలు దగ్గర దగ్గరగా పెట్టాలి. ఇంజినీరు లెక్క లేకుండా మనిషి ఎక్కే రాయి కట్టకండి.

ఆ ఇంజినీరును ఒక ప్రశ్న అడగండి. మీరు లెక్క కట్టింది కొత్త పలక బలంతోనా, పాతబడిన పలక బలంతోనా? ఏఆర్ గ్లాస్ వాడినా సరే, తడి తగులుతూ ఉంటే ఏళ్ళు గడిచేకొద్దీ పలక పెళుసవుతుంది. ఒక్కో పోగు కట్టలో సుమారు రెండువందల సన్నటి తంతువులు ఉంటాయి, ఒక్కోటి మన వెంట్రుకలో ఐదో వంతు మందం. కొత్తలో ఆ తంతువుల మధ్య ఖాళీ ఉంటుంది. అందుకే లాగితే కట్ట కొంచెం కొంచెంగా జారుతూ బరువును ఆపుతుంది. కాలం గడిచాక సిమెంటులోని సున్నం స్ఫటికాలుగా ఆ ఖాళీల్లో పేరుకుంటుంది. ఇక జారుడు ఉండదు, పుటుక్కున తెగుతుంది. మిశ్రమంలో మెటాకయోలిన్ (కాల్చిన చైనా మట్టి పొడి) కలిపితే అది ఆ సున్నాన్ని వాడేసుకుంటుంది, పెళుసుదనం బాగా తగ్గుతుంది. అయినా డిజైన్ మాత్రం పాతబడిన బలంతోనే చెయ్యాలి. జలపాతాల దగ్గర ఇది మరీ మరీ చూసుకోవాలి.

ఇంతవరకూ చెప్పింది రాయి నిలబడటం గురించి. మరి అది రాయిలా ఉండటం? కొన్ని తోటల్లో ఒక్కో రాయీ విడిగా చూస్తే అచ్చం నిజమైనదే, అన్నీ కలిపి చూస్తే మాత్రం కన్ను ఒప్పుకోదు. ఎందుకని? రాయిని చూసి చేశారు గానీ కొండను చూడలేదు.

ఇసుకరాయి తీసుకోండి. అది పొరలు పొరలుగా పేరుకున్న రాయి. ఆ పొరలు ఒక వాలులో ఉంటే, ఆ కొండంతా దాదాపు అదే వాలు. మనం మోల్డ్‌లో పది పలకలు పోస్తాం. ఒకేలా కనిపిస్తున్నాయని ఒకదాన్ని నిలువుగా, ఒకదాన్ని తలకిందులుగా తిప్పి పెడతాం. అంతే, పొరలు తలో దిక్కుకూ పోయాయి. చూసేవాడికి భూగర్భశాస్త్రం తెలియకపోవచ్చు. అయినా ఏదో తేడా ఉందని వాడి కన్ను చెప్తుంది. గ్రానైట్‌కు పొరలు లేవు. అది పగుళ్ళ వెంబడి ముక్కలై, మూలలు అరిగి గుండ్రబడుతుంది. ఆ మోల్డ్‌ను ఎటు తిప్పినా చెల్లుతుంది. అంటే పొరల రాయికి ఎక్కువ మోల్డ్‌లు కావాలి, గుండ్రాయికి తక్కువ చాలు. పని ఒప్పుకునేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి. రెండు రకాల కొండల నుంచి తీసిన మోల్డ్‌లు ఒకే రాతి ముఖంలో కలపకండి. దయచేసి కలపకండి.

అతుకుల సంగతి కూడా కొండే చెప్తుంది. ప్రతి కొండకూ పగుళ్ళుంటాయి, అవి కొన్ని దిక్కుల్లోనే ఉంటాయి. మన పలకలు కలిసే చోట ఆ పగుళ్ళు వచ్చేలా ముందే కాగితం మీద గీసుకోండి. పలక కదలడానికి జాయింట్ ఎలాగూ కావాలి. ఆ జాయింట్‌ను కొండ పగులులో పెడితే దాచాల్సిన పనే లేదు. మిగతా అతుకుల్లో మాలు నింపి, అది బిగిసేలోపు చిన్న రబ్బరు ముక్కతో అదే గరుకు ఒత్తి, పక్క పలకల గీతలు అతుకు మీదుగా సాగదీయాలి. గీత అతుకు దగ్గర ఆగిందా, దొరికిపోయినట్టే. ఇంకొకటి, రాయిని నేల మీద పెట్టొద్దు, నేలలోంచి మొలిపించండి. కింది భాగం మట్టిలో పూడాలి. దాని పాదాల దగ్గర అదే రంగు చిన్న రాళ్ళు, రాలిన ముక్కలు ఉండాలి. కొండ నుంచి ముక్కలు రాలకుండా ఉంటాయా?

రంగు. పెయింట్ డబ్బా తెచ్చి పూసెయ్యకండి. సిమెంటులోనే ఐరన్ ఆక్సైడ్ రంగు కలిపి పలకంతటికీ ఒక పునాది రంగు తెచ్చుకోండి. రేపు ఎక్కడైనా పెచ్చు లేచినా తెల్లగా బయటపడదు. దాని మీద పలచటి నీళ్ళ రంగులు. ముదురు రంగు ముందు వేసి తడి గుడ్డతో తుడిస్తే గుంటల్లో నిలిచిపోతుంది. లేత రంగు ఆఖర్న, దాదాపు ఆరిన బ్రష్‌తో గుట్టల మీద మాత్రమే. చారలు ఎక్కడ వెయ్యాలో తేల్చుకోవడానికి ఒక సులువైన పద్ధతి చెప్తాను. రాతి పైనుంచి బకెట్ నీళ్ళు పోసి చూడండి. నీరు ఎటు పారితే వందేళ్ళ వాన కూడా అటే పారుతుంది, నల్లటి చార అక్కడే వెయ్యండి. రంగులు వేసే ముందు పలక బాగా ఆరాలి. లేకపోతే లోపలి సున్నం పైకొచ్చి తెల్లగా ఉప్పు పట్టినట్టు అవుతుంది. రంగు చూసేటప్పుడు జనం నిలబడే చోటికి వెళ్ళి చూడండి, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి.

నీటి పనుల గురించి రెండే మాటలు. ఒకటి, జీఎఫ్ఆర్సీ రాయి నీటిని ఆపదు. ఆపాల్సింది దాని వెనక ఉన్న వాటర్‌ప్రూఫ్ షీటు. ఆ షీటు చెరువు అడుగున మొదలై, రాతి వెనక నుంచి, నీరు దూకే అంచు దాకా తెగకుండా వెళ్ళాలి. రాతి అతుకులను నమ్ముకుని కట్టిన జలపాతం రోజూ నీరు తాగుతూనే ఉంటుంది. రెండు, కొత్త సిమెంటు నుంచి సున్నం నీళ్ళలోకి దిగి పీహెచ్ పెరుగుతుంది. చేపలు చచ్చిపోతాయి. నీరు నింపి, కొన్ని రోజులు తిప్పి, వదిలేసి, మళ్ళీ నింపండి. పీహెచ్ ఎనిమిదిన్నర కిందికి దిగి అక్కడే నిలిచిందని పరీక్షించాకే చేపలు వదలండి. నీటిలో మునిగే భాగాలకు చేపలకు హాని లేని సీలర్ వెయ్యడం ఇంకా మంచిది. రాతిలో మొక్కల గుంటలు పెడితే అడుగున నీరు పోయే దారి ఉండాలి. పెద్ద వేరు పెరిగే చెట్లు వద్దు, పలక తట్టుకోదు.

మన ఆరోగ్యం గురించి చెప్పకుండా ముందుకు పోను. ఎండిన పలకను కోసేటప్పుడు లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. అది ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదు, సిలికోసిస్‌కు మందు లేదు. ముక్కుకు కట్టిన చేతిరుమాలు దాన్ని ఆపదు. సరిగ్గా అమరిన రెస్పిరేటర్ ఉండాలి, నీళ్ళు పోస్తూ కొయ్యాలి. తడి సిమెంటు చర్మాన్ని కాలుస్తుంది. నొప్పి వెంటనే తెలియదు, సాయంత్రానికి తెలుస్తుంది. గ్లౌజులు, కళ్ళద్దాలు, నిండు చేతుల చొక్కా. కూలికి వచ్చినవాళ్ళు అడగరు, అడిగితే పని పోతుందని భయం. కాబట్టి మనమే ఇవ్వాలి, వేసుకునేదాకా పని మొదలుపెట్టనివ్వకూడదు.

ఇక ఎక్కడ దీన్ని వాడకూడదు? క్రేన్ వచ్చే చోట, నేల గట్టిగా ఉన్న చోట, రోడ్డు పని కోసం ఎలాగూ తవ్వి తీసిన బండలు దగ్గర్లో దొరుకుతుంటే, అవే వాడండి. నిజమైన రాయికి ఫ్రేమ్ అక్కర్లేదు, సీలర్ అక్కర్లేదు. చాలా పెద్ద కొండ, మనుషులు ఎక్కి దిగేది, గుహలున్నది కావాలంటే ఇనుప చట్రం మీద షాట్‌క్రీట్, అంటే గొట్టంలోంచి వేగంగా వచ్చే కాంక్రీటు చిమ్మి, పచ్చిగా ఉండగా చేత్తో చెక్కే పద్ధతి మేలు. అది మందం, బరువు, కానీ చెక్కేవాడికి స్వేచ్ఛ ఉంటుంది. చాలాచోట్ల రెండూ కలుపుతారు. కంటికి దగ్గరగా, చెయ్యి తగిలే ఎత్తులో మోల్డ్ పలకలు, పైన దూరంగా చెక్కిన షాట్‌క్రీట్. ఆ కలయిక నాకు బాగా నచ్చుతుంది. దగ్గర చూసేవాడికి అసలు రాతి గరుకు దొరుకుతుంది, దూరానికి ఆకారం చాలు.

ఇప్పుడు పక్క షెడ్డులోకి వెళ్దాం. ఒక మోల్డ్ సిద్ధంగా ఉంది, ఫేస్ కోట్ వేసి ఉంచారు, ఈపాటికి అంటకుండా అయి ఉండాలి. గాడుల్లో ప్రీమిక్స్ కూరే పని మీతోనే చేయిస్తాను. గ్లౌజులు, కళ్ళద్దాలు, మాస్కులు గుమ్మం దగ్గర బల్ల మీద ఉన్నాయి, వేసుకునే లోపలికి రండి. ప్రశ్నలు అక్కడే అడగండి, రాయిని చూపిస్తూ చెప్పడం తేలిక.